రష్యన్ నేర్పమంటే డు ము వు లు అప్పజెప్పించుకున్నారు – మొగల్రాజపురం క్లాసుల రివ్యూ

రష్యాలో ఎంబీబీఎస్ సీటు ఖాయమయ్యాక రెండు నెలలు వీకెండ్ క్లాసులకి వెళ్లా, మొగల్రాజపురంలో ఒక కన్సల్టెన్సీ పైన, పేరు రాయట్లేదు ఎందుకంటే కింద కంప్లైంట్లు కూడా ఉన్నాయి. ఫీజు 6,000.

ఫస్ట్ రోజే సార్ బోర్డు మీద డు ము వు లు ప్రథమా విభక్తి అని మొదలెట్టారు. మాదంతా ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్, విభక్తి అంటే బట్టీ తప్ప ఏం తెలీదు. రష్యన్‌లో కేసులు, అంటే విభక్తులు, ఆరే, కానీ మాట తోకే మారిపోద్ది. ఇల్లుకి అనం, ఇంటికి అంటాం కదా, అక్కడ దాదాపు ప్రతి మాటకీ అదే గొడవ అన్నారు.

నాకు బాగా ఎక్కింది 'మ్న్యే హోలద్న'. మ్న్యే అంటే నాకు, మొత్తం కలిపి నాకు చలిగా ఉంది. ఇంగ్లీష్‌లోంచి ఆలోచించి 'నేను' అని మొదలెడితే తప్పు, తెలుగులోంచి వెళ్తే కరెక్ట్‌గా వచ్చేసింది. వయసూ అంతే, నాకు 18 ఏళ్లు. మన పుస్తకాల్లో ఈ కి, కు షష్ఠిలో ఉంటాయి గానీ చేసే పని చతుర్థిది, అంటే ఎవరికి అని చెప్పడం, రష్యన్‌లో దానికి విడిగా ఒక కేసు ఉంది.

ఇంకోటి, మనం ప్రాణం లేనిదైతే బల్ల చూశా అంటాం, ప్రాణమున్నదైతే 'ని' పెట్టి స్టూడెంట్‌ని చూశా అంటాం. రష్యన్ పుంలింగంలోనూ అంతే, 'స్తోల్' మారదు, 'స్తుదెంత్' మాత్రం 'స్తుదెంతా' అవుద్ది. ఒకడు విసుగొచ్చి ఇన్ని కేసులెందుకు సార్ అంటే ఎస్పెరాంతో సంగతి చెప్పారు, 1887లో జామెన్‌హోఫ్ కూర్చుని కట్టిన భాష, ద్వితీయకి, అంటే మన ని, ను చేసే పనికి, ఒక్క 'న్' పెట్టి మిగతా పనంతా విడి మాటలకి వదిలేశాడంట. కానీ అక్కడ పుస్తకం చదివా అన్నా సరే 'లిబ్రో'కి న్ తగిలించి 'లిబ్రోన్' అనాల్సిందే, మనలా వదిలేస్తే కుదరదు.

ఇక కంప్లైంట్లు. ఏసీ నాలుగు వారాలు పనిచేయలేదు, మే నెలలో బెజవాడ, ఇంకేం చెప్పను. లెక్కల దగ్గర సిలబస్ పరిగెత్తించారు, రెండు టికెట్లు 'ద్వా బిల్యేతా', అయిదయితే 'ప్యాత్ బిల్యేతఫ్', ఎందుకు మారిందో చెప్పకుండా జిరాక్స్ చేతిలో పెట్టి పంపేశారు. నాకిప్పటికీ నాలుగు దాటితే నోరు రాదు.

చేరితే ఆదివారం పొద్దున బ్యాచే అడగండి. సాయంత్రం వేరే ఆయన వస్తారు, టేబుల్ ఇచ్చి బట్టీ కొట్టమంటారు.