ఆపర్చునిటీ అట్లాస్: కష్టపడితే పైకి రావడం అందరికీ ఒకేలా ఉందా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు ఒక్కసారైనా వాడి చూడాల్సిన వెబ్‌సైట్ ఇది. పైసా కట్టక్కర్లేదు. హార్వర్డ్ ప్రొఫెసర్ రాజ్ చెట్టి బృందం, అక్కడ జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరోతో కలిసి 2018లో తెచ్చింది. 1978-83 మధ్య పుట్టిన దాదాపు 2 కోట్ల మంది చిన్నప్పుడు ఏ ఏరియాలో పెరిగారు, ముప్ఫైల్లోకి వచ్చాక ఎంత సంపాదిస్తున్నారు అన్నది పేర్లు బయటపెట్టకుండా లెక్కగట్టి మ్యాప్ మీద రంగులు వేశారు. ఎరుపు ఉంటే అక్కడి పిల్లలు వెనకబడ్డారని, నీలం అయితే బాగుపడ్డారని.

వాడటం తేలికే. ఊరి పేరు కొట్టి, తల్లిదండ్రుల ఆదాయం 'తక్కువ' అని పెట్టండి. అసలు విషయం అప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే ఇప్పుడు మీరు చూస్తున్నది ఒకే రకం ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లల్ని, అయినా కొద్ది మైళ్ళ తేడాలోనే రంగు మారిపోతుంది.

నార్త్ కరోలినాలోని షార్లెట్ సంగతి చూడండి. బ్యాంకులు, ఉద్యోగాలు, మనవాళ్ళు బోలెడంత మంది ఉన్న ఊరు. అయినా ఇదే బృందం 2014లో వేసిన లెక్కలో, ఆదాయంలో అట్టడుగు అయిదో వంతు కుటుంబంలో పుట్టి పై అయిదో వంతుకి చేరినవాళ్ళు అక్కడ 4.4 శాతమే, 50 పెద్ద నగరాల్లో ఆఖరి స్థానం. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో 12.9 శాతం. షార్లెట్ పేదలు మూడు రెట్లు బద్ధకస్తులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు అన్న మాట ఆ దేశంలో కంపెనీ ఓనరూ అంటాడు, రెండు షిఫ్టులు చేసే వంటమనిషీ అంటుంది. కానీ ఆ మాట ఓనరుకి తన డబ్బంతా తన గొప్పేనని ధైర్యమిస్తే, ఆమెకి మాత్రం తప్పంతా తనదేనేమో అన్న బాధ మిగులుస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 2023లో ఇదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది: కాలేజీ ప్రవేశాలకి రాసే ఎస్ఏటీ పరీక్షలో స్కోరు ఒకటే అయినా, టాప్ 1 శాతం ధనికుల పిల్లలకి హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ స్థాయి కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లల కంటే రెండు రెట్లకు పైనే. మరి దాన్ని మెరిట్ అని ఎలా అంటాం?

మనవాళ్ళు కూడా "మేం రెండు సూట్‌కేసులతో వచ్చి నిలబడలేదా, వీళ్ళకేం రోగం" అంటుంటారు. నిలబడ్డాం, నిజమే, చాలా కష్టపడ్డాం కూడా. కానీ అప్పటికే చేతిలో ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, ఎమ్మెస్ లోన్‌కి ఊళ్ళో నాన్న పొలమో ఇల్లో పూచీగా పెట్టాడు.

లోపాలూ చెప్పాలి. ఈ లెక్కలు ఎనభైలు, తొంభైల్లో పెరిగిన పిల్లలవి, కాబట్టి ఆ తర్వాత బాగా పెరిగిన, డాలస్ పక్కనున్న ఫ్రిస్కో లాంటి సబర్బ్‌ల ఇప్పటి పరిస్థితి ఇందులో దొరకదు. ఆసియా వాళ్ళని విడిగా చూద్దామంటే అప్పట్లో మనం తక్కువ గనక చాలాచోట్ల డేటా ఉండదు. ఇల్లు కొనడానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పిల్లలు హైస్కూల్లో ఉంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు మీ కౌంటీ, తర్వాత దాని పక్క కౌంటీ తెరిచి చూపించండి.