మోదెనాలో నొచీనో: ఎక్కడ దిగాలి, ఎలా తాగాలి

ఇటలీలో గింజల లిక్కర్ (liqueur, తియ్యటి మద్యం) అంటే చాలామందికి తెలిసింది ఫ్రాంజెలికో. సన్యాసి ఆకారంలో సీసా, నడుముకు తెల్ల తాడు. పియెమోంతెలో హేజెల్‌నట్‌తో చేస్తారు, ఆల్కహాల్ 20 శాతమే. కాఫీలో కలుపుకుంటే బాగుంటుంది. కాకపోతే ఏ ఎయిర్‌పోర్టు షాపులోనైనా దొరికేదానికి అంత దూరం పోనక్కర్లేదు. పచ్చి అక్రోటు (వాల్‌నట్) కాయలతో చేసే లిక్కర్ నొచీనో కోసమైతే ఉత్తర ఇటలీలోని మోదెనా దాకా వెళ్లొచ్చు.

బొలోన్యా నుంచి రైల్లో అరగంట. మొదట స్టేషన్ దగ్గర హోటల్లో దిగాం. గది శుభ్రమే కానీ జూన్ నెలాఖరు ఎండకు ఏసీ ఏమాత్రం చాల్లేదు. సిటీ ట్యాక్స్ కౌంటర్‌లో విడిగా కట్టించుకున్నారు, అది ఇటలీలో మామూలే. తర్వాత దగ్గర్లోని స్పిలంబెర్తో అనే ఊరి వైపు ఒక అగ్రితురిజ్మోకి మారాం. అంటే పొలంలో ఉన్న ఇంట్లోనే బస, భోజనం. వైఫై నత్తనడక, ఆదివారం బస్సులు బాగా తక్కువ. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే నొచీనో తయారీ చూసింది అక్కడే.

జూన్ 24, సాన్ జొవాన్ని పండుగ నాటికి పచ్చి అక్రోటు కాయలు కోస్తారు. ఆవకాయకు టెంక ముదిరిన కాయ కావాలి కదా, ఇక్కడ సరిగ్గా దానికి ఎదురు: పెంకు కట్టకముందే కోయాలి. ఇంటి పెద్దావిడ ఒక కాయను నాలుగు ముక్కలు చేసి చూపించింది. లోపల తెల్లటి గుజ్జు, పట్టుకుంటే జిగురు. ఆ రసం నా వేళ్లకంటి నల్లబడితే సబ్బుతో రుద్దినా వదల్లేదు. ముక్కల్ని ఆల్కహాల్‌లో, పంచదారతో కలిపి గాజు జాడీల్లో పోసి కిటికీ గట్టు మీద ఎండలో పెట్టారు. మొదట ఆకుపచ్చగా ఉండే రసం పోనుపోను కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. ఆ ఏడాది జాడీ ఆ ఏడాదే తాగరు. మాకు పోసింది పాతది.

భోజనం అయ్యాక చిన్న గ్లాసులో, ఐసు లేకుండా ఇస్తారు. ముందు తీపి, వెనకాలే వగరు, చివర్లో లవంగం, దాల్చినచెక్క. ఘాటు 30 శాతం పైనే ఉంటుంది కాబట్టి గుక్కలో దించేది కాదు. వెనిలా జెలాతో (ఇటలీ ఐస్‌క్రీమ్) మీద ఒక చెంచా పోయించుకోండి, నాకైతే అదే అన్నిటికన్నా నచ్చింది. తాగి కారు నడపొద్దు, అక్కడ పరిమితి కఠినం.

స్పిలంబెర్తోలోనే 1978 నుంచి నొచీనో సంఘం ఉంది, ఇళ్లలో చేసినవాటికి పోటీ పెడుతుంది. ఊళ్లో బాల్సమిక్ వెనిగర్ (ద్రాక్షరసంతో చేసేది) మ్యూజియం కూడా ఉంది, రెండూ కలిపి ఒక పూటలో అయిపోతాయి.

శాకాహారులకు ఒక మాట: తొర్తెల్లీని అనే కూరిన పాస్తాలో పంది మాంసం ఉంటుంది. రికొత్తా (మెత్తటి జున్ను), పాలకూర కూరిన ‘తొర్తెల్లోని’ అనే పాస్తా అడగండి. వడ్డించేవాళ్లు విసుక్కోలేదు, అడిగితే మార్చి తెచ్చారు.

సీసా కొంటే చెక్‌ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టండి. మన కస్టమ్స్‌లో మద్యం మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.