డల్లాస్‌లో పాత ట్యూబ్ ఆంప్ హమ్ వస్తుంటే ఎవరికి ఇవ్వాలి: ఒక గరాజ్ రిపేర్ షాపు రివ్యూ

డల్లాస్ చుట్టుపక్కల ట్యూబ్ ఆంప్, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్, రిపేర్ చేసేవాళ్ళు కొందరున్నారు. అయితే హమ్ (ఏమీ వాయించకపోయినా ఆగకుండా వచ్చే మోత) వస్తోందని చెబితే ముందు చెవి ఒగ్గి విని, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకునే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఊరికి ఉత్తరాన, తన ఇంటి గరాజ్‌లో ఒక్కరే నడుపుకునే షాపు అది. బోర్డు ఉండదు. చేతినిండా పని ఉంది, పేరు రాయొద్దు అన్నారు కాబట్టి రాయడం లేదు. నిజంగా కావలసినవాళ్ళు అడిగితే, ఆయన్ను కనుక్కుని నంబర్ ఇస్తాను.

నా ఆంప్ ఫెండర్ బాస్‌మ్యాన్ 50, సిల్వర్‌ఫేస్ (ముందు పలక వెండిరంగులో ఉండేది) హెడ్, అంటే స్పీకర్ విడిగా ఉండే రకం. వాల్యూమ్ పాట్ (తిప్పే నాబ్ వెనకుండే భాగం) మీద 1377421 అని ముద్ర ఉంది. 137 అంటే పాట్ తయారుచేసిన సీటీఎస్ కంపెనీ కోడ్, తర్వాతి అంకెలు 74వ సంవత్సరం, 21వ వారం. అంటే ఆ పాట్ 1974 మే నెలలో తయారైంది, ఆంప్ ఆ తర్వాత. రెండు 6ఎల్6 పవర్ ట్యూబులు, 50 వాట్లు, కింద 15 అంగుళాల స్పీకర్ క్యాబినెట్. ఇక్కడ తెలుగు సంఘం కార్యక్రమాలకు మా ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. ఇళయరాజా పాటల్లో బేస్ పాట వెనక ఎక్కడో ఉండదు, పాటతో పాటు నడుస్తూ మాట్లాడుతుంది. ఆ గుండ్రటి సౌండ్ ఈ ఆంప్‌లో వచ్చినట్టు నాకు ఇంకే ఆంప్‌లోనూ రాలేదు. అందుకే దీన్ని వదులుకోవాలన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు.

హమ్ మాత్రం ప్రాణం తీసేది. రిహార్సల్లో పాట ఆగిన ప్రతిసారీ మా కీబోర్డ్ అన్న నా వైపు తిరిగి, "తమ్ముడూ, అది శ్రుతి తప్పిన తంబురాలాగా మోగుతోందిరా, పాడేవాళ్ళకి శ్రుతి ఎక్కడ నిలుస్తుంది?" అనేవాడు. ఆయన మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. చిన్న గిటార్ ఆంప్‌లో ఇదే హమ్ ఉన్నా సగం వినపడదు, ఎందుకంటే ఆ స్పీకర్ అంత కిందికి దిగదు. బేస్ క్యాబినెట్ ఉన్నదే ఆ కింది స్వరాల కోసం. హమ్‌ని కూడా అంతే శ్రద్ధగా వినిపిస్తుంది.

దీనికి ముందు వేరే షాపులో ఇచ్చాను. వాళ్ళు ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చారు, ట్యూబులన్నీ కొత్తవి వేశారు, పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. బరబరమనే గోల పోయింది. కింద మందంగా ఉండే హమ్ అలాగే ఉండిపోయింది. అడిగితే "పాత ఆంప్‌లు ఇంతే" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కొత్తలో ఎవరో ఈ ఆంప్‌ని షోరూమ్‌లో ఆన్ చేసినప్పుడు ఇలా మోగి ఉంటే డబ్బు పెట్టి కొనుక్కుని ఉంటారా?

ఇక గరాజ్ షాపు సంగతి. ఆయన ఆంప్‌ని బెంచీ మీద పెట్టి, ఏమీ ప్లగ్ చేయకుండా ఆన్ చేసి, కాసేపు మాట్లాడకుండా విన్నారు. తర్వాత నా బేస్ గిటార్ అడిగి తీసుకుని, దాన్ని పక్కనున్న తన చిన్న ఆంప్‌కి తగిలించి, 'A' తీగ మీద మొదటి ఫ్రెట్ నొక్కి వాయించారు. అది బీ ఫ్లాట్, సుమారు 58.3 హెర్ట్జ్. ఆ స్వరం, హమ్ కలిసి మెల్లగా ఊగాయి; దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిస్తే సౌండ్ ఇలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రెండో ఫ్రెట్ నొక్కారు, అది బీ, 61.7 హెర్ట్జ్. అదే వేగంతో మళ్ళీ ఊగింది. రెండు వైపులా ఊపు ఒకేలా ఉందంటే హమ్ సరిగ్గా ఆ రెండు స్వరాల నడుమ ఉందన్నమాట. అంటే 60 హెర్ట్జ్, గోడలోంచి వచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ. "ఇది 120 కాదు, కాబట్టి కెపాసిటర్ల జోలికి వెళ్ళక్కర్లేదు" అన్నారు. ఆంప్ ఇంకా విప్పనే లేదు.

హమ్ అంతా ఒకటే కాదని నాకు అర్థమైంది అక్కడే. పవర్ సప్లైలో డయోడ్లు ఏసీ కరెంటు రెండు సగాలనూ ఒకే దిక్కుకి మళ్ళిస్తాయి, కాబట్టి సెకనుకి 60 ఉన్నది 120 అవుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళను చదును చేసే పని ఫిల్టర్ కెపాసిటర్లది. ఏళ్ళు గడిచి అవి ఎండిపోతే ఆ 120 హెర్ట్జ్ స్పీకర్‌లోకి వచ్చేస్తుంది, కాస్త గరగరగా వినిపిస్తుంది. ఇందులో ఆంప్ తయారుచేసినవాళ్ళ తప్పేమీ లేదు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షే అంత. మెత్తగా, లోతుగా వచ్చే 60 హెర్ట్జ్‌కి కారణాలు వేరు: ట్యూబుల హీటర్ (లోపల వేడిచేసే తీగ) వైరింగ్, హీటర్ నుంచి పక్కనున్న కాథోడ్‌కి కరెంటు లీకయ్యే ట్యూబ్, పవర్ ట్యూబులను అదుపులో ఉంచే, సగం తరంగాన్నే వాడుకునే బయాస్ సప్లై, ఎర్త్ తీగలు చుట్టుగా కలిస్తే వచ్చే గ్రౌండ్ లూప్, గిటార్‌లో ఉండే సింగిల్ కాయిల్ పికప్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లెక్క మారుతుంది. కెపాసిటర్ హమ్ 100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, బేస్ గిటార్ జీ తీగని ఫ్రెట్ నొక్కకుండా వాయిస్తే 98. ఆ తీగతో పోల్చుకుంటే చాలు, ఇంట్లోనే తెలిసిపోతుంది.

తర్వాత ఛాసీ, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు పెట్టె, బయటికి తీశారు. పవర్ ట్యూబులకి సిగ్నల్ అందించే ఫేజ్ ఇన్వర్టర్ ట్యూబ్, నా ఆంప్‌లో 12ఏటీ7, లాగేస్తే హమ్ పూర్తిగా ఆగింది. పవర్ ట్యూబులు, వాటి బయాస్ ఆ ఒక్క దెబ్బతో అనుమానంలోంచి బయటపడ్డాయి. ట్యూబ్ మళ్ళీ పెట్టి వాల్యూమ్ తిప్పితే హమ్ పెరిగింది, రెండు ఛానెళ్ళలోనూ. అంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తప్పు చేస్తోంది. ముందు దశల్లోని ట్యూబుల బదులు తన దగ్గరున్న మంచి 12ఏఎక్స్7 ట్యూబ్ వేసి చూశారు, మార్పు లేదు. అప్పుడు మీటర్ పట్టుకున్నారు.

ట్యూబుల హీటర్లు ఎర్రగా వెలగడానికి 6.3 వోల్టుల ఏసీ ఇస్తారు. ఆ రెండు తీగల నుంచీ చెరో 100 ఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి ఉంటుంది, రెండు వైపులా సమంగా 3.15 వోల్టులు ఉండేలా. సమంగా ఉంటే ఒక తీగ హమ్‌ని రెండోది చాలావరకు కొట్టేస్తుంది. నా ఆంప్‌లో ఒక వైపు మీటర్ 6.3 చూపించింది, రెండో వైపు దాదాపు సున్నా. ఆయన వేలితో చూపించేదాకా నాకు కనపడలేదు: పైలట్ లాంప్ దగ్గర ఒక రెసిస్టర్, పైనుంచి చూస్తే చక్కగానే ఉంది, తిప్పితే కింద పొట్ట దగ్గర గోధుమరంగు మచ్చ. లోపల తెగిపోయింది. ఎప్పుడో ఒక పవర్ ట్యూబ్ షార్ట్ అయినప్పుడు ఇది కాలిపోయి ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడి ఉంటుందని ఆయన ఊహ. చిల్లర డబ్బులకి దొరికే వస్తువు. ఒకటే కాకుండా రెండూ మార్చారు.

అంతటితో ఆపి ఉన్నా నేను సంతోషంగా ఇంటికి వచ్చేవాణ్ణి. ఆయన ఆంప్ ఆన్‌లోనే ఉంచి, చెక్క చాప్‌స్టిక్‌తో హీటర్ తీగలను కొద్దికొద్దిగా కదిపారు. మెలివేసిన ఆ జత తీగలు మొదటి ట్యూబ్‌కి సిగ్నల్ తెచ్చే గ్రిడ్ తీగకి దగ్గరైతే హమ్ లేస్తోంది, దూరమైతే తగ్గుతోంది. ఎక్కడ అన్నిటికన్నా తక్కువ ఉందో అక్కడ వదిలేశారు. ఇది ఇంట్లో చేసే పని కాదు. లోపల 400 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది.

నేను అడగకుండానే చేసిన ఇంకో పని గురించి తప్పకుండా చెప్పాలి. ఆ కాలపు ఆంప్‌ల వెనక గ్రౌండ్ స్విచ్ ఒకటి ఉంటుంది. దాని వెనకాల మెయిన్స్ నుంచి ఛాసీకి ఒక కెపాసిటర్ వేసి ఉంటుంది. అది షార్ట్ అయితే, ఎర్త్ సరిగ్గా లేనిచోట గిటార్ తీగల్లోకే కరెంటు వస్తుంది. అందుకే దాన్ని డెత్ క్యాప్ అంటారు. తీసేసి, ఎర్త్ తీగ గట్టిగా ఛాసీకి బిగించారు. హమ్ పోతుందని ప్లగ్‌కి ఉన్న మూడో పిన్ విరిచేసేవాళ్ళని నేను మన ఊళ్ళోనూ చూశాను, ఇక్కడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. చేతిలో గిటార్, నోటి దగ్గర మైక్, రెండింటి మధ్యా మీరు.

బిల్లు 140 డాలర్లు, అందులో 75 డయాగ్నోసిస్‌కి. రిపేర్ చేయించకపోయినా ఆ 75 ఇవ్వాలి, ముందే చెబుతారు. నాకు అది న్యాయంగానే అనిపించింది, ఎందుకంటే మనం డబ్బిస్తున్నది ఆ చెవికి, ఆ బుర్రకి. ముందు షాపువాళ్ళు తీసేసిన పాత ట్యూబులు నేను దాచి ఉంచాను. వాటిని టెస్టర్‌లో పెట్టి చూసి, బాగానే ఉన్నాయన్నారు. ఇప్పుడు అవే నా స్పేర్ సెట్.

నచ్చనివీ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు, మెసేజ్‌కి జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. కార్యక్రమం దగ్గర పడిందని టెన్షన్ పడుతూ వెళ్తే ఆయన వల్ల ఉపయోగం లేదు, వరుసలో ముందున్నవాళ్ళ పని అయ్యాకే మీది. కార్డు తీసుకోరు, క్యాష్ లేదా చెక్. సాలిడ్ స్టేట్ ఆంప్‌లు, అంటే ట్యూబులు లేకుండా ట్రాన్సిస్టర్లతో నడిచేవి, అసలు ముట్టుకోరు.

ఇప్పుడు వాల్యూమ్ సగం పెట్టి వాయించడం ఆపితే సన్నటి హిస్ మాత్రమే వినిపిస్తుంది, అదీ గ్రిల్‌కి చెవి దగ్గర పెడితే. వెళ్ళేవాళ్ళు ఆంప్‌తో పాటు మీ గిటార్, మీరు రోజూ వాడే కేబుల్ కూడా తీసుకెళ్ళండి, అవి అడుగుతారు. క్యాబినెట్ మోసుకెళ్ళక్కర్లేదు. 15 అంగుళాలది ఆయన దగ్గరే ఉంది.