ఆ అర వోల్టు: పీసీఏ9517ఏ బఫర్‌తో ఆరేళ్లు

మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే బోర్డులు తయారుచేస్తాను. చిప్‌లు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతిని ఐ2సీ అంటారు. ఆ తీగల మధ్యలో నిలబడి సంకేతాన్ని అటూ ఇటూ దాటించే పీసీఏ9517ఏ అనే బఫర్ చిప్‌నే ఆరేళ్లుగా వాటన్నిటిలో వాడుతున్నాను. ప్రాసెసర్ 1.8 వోల్టులది, సెన్సార్లు 3.3 వోల్టులవి, మధ్యలో ఆరు మీటర్ల కేబుల్. ఐ2సీ బస్ (ఆ తీగల జంట) మీద కెపాసిటెన్స్, అంటే సంకేతాన్ని నెమ్మదింపజేసే విద్యుత్ భారం, 400 పికోఫారాడ్‌లు దాటకూడదు. నా కేబుల్ ఒక్కటే 300 దాకా తినేస్తుంది. ఎనిమిది కాళ్ల ఈ చిప్ ఆ భారాన్ని రెండుగా విడగొడుతుంది, రెండు వోల్టేజీలనూ కలుపుతుంది. దాని ‘ఏ’ వైపు ప్రాసెసర్, ‘బీ’ వైపు సెన్సార్లు. ఆ పనిలో నన్ను ఒక్కసారీ నిరాశపరచలేదు.

దీన్ని వాడేవారు ముందుగా అర్థం చేసుకోవలసింది బీ వైపు దిగువ స్థాయిని, అంటే మాట్లాడేటప్పుడు తీగను కిందికి లాగి నిలిపే వోల్టేజీని. ‘ఏ’ వైపు తీగను దాదాపు సున్నాకు లాగే ఈ చిప్, బీ వైపు 0.5 వోల్టు దగ్గరే ఆగిపోతుంది. అది లోపం కాదు. ఒకే తీగ మీద రెండు దిక్కులా మాటలు నడుస్తాయి, ఏ దిక్కో చెప్పే కాలు వేరే లేదు. బీ వైపు కూడా సున్నాకు లాగితే, తాను లాగినదాన్నే ఎదుటివారు లాగారనుకుని ‘ఏ’ వైపును లాగుతుంది. దాన్ని చూసి మళ్లీ బీని లాగుతుంది. ఆ ముడి ఇక విడిపోదు. అందుకే బీ వైపు తీగ సుమారు 0.4 వోల్టు కంటే కిందికి దిగితేనే అది ఇతరుల మాటగా లెక్క.

రెండో ఏడాది నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది ఈ 0.4 వోల్టే. ఒక సెన్సార్ ఒకసారి జవాబిస్తుంది, మరోసారి ఇవ్వదు. పొరపాటు నాదే. రక్షణ కోసం సెన్సార్ దగ్గర 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను, తీగను తిరిగి పైకి లాగే పుల్-అప్ రెసిస్టర్ ఒక కిలో ఓమ్. మూడు మిల్లీఆంపియర్లకు ఆ 100 ఓమ్‌ల రెసిస్టర్ మీదే 0.3 వోల్టు నిలుస్తుంది, సెన్సార్ సొంత 0.15 దానికి తోడవుతుంది. మొత్తం 0.45. సెన్సార్ పాపం జవాబిస్తూనే ఉంది, బఫర్‌కే అది వినిపించలేదు. పుల్-అప్‌ను 2.2 కిలో ఓమ్‌లకు మార్చగానే స్థాయి దాదాపు 0.2కి దిగింది. సంకేతం పైకి లేవడం నెమ్మదించింది కాబట్టి వేగాన్ని 400 కిలోహెర్ట్జ్ నుంచి 100కి తగ్గించాను. ఉష్ణోగ్రత చదవడానికి అంతకు మించిన వేగం ఎందుకు?

రెండు బఫర్ల బీ వైపులను ఎదురెదురుగా కలపకండి. ఒకటి ఇచ్చే 0.5 రెండోదాని 0.4 హద్దుకు పైనే ఉంటుంది, దానికి వినిపించదు. మొదటిదాని బీని రెండోదాని ‘ఏ’కి కలిపితే ఎన్ని వరుసగా పెట్టినా ఆఫ్‌సెట్ (సున్నాకు పైన మిగిలే ఆ అర వోల్టు) పేరుకోదు. అలాగే, సరఫరా వోల్టేజీలో 20 శాతం లోపు ఉంటేనే దిగువ స్థాయిగా గుర్తించే పరికరాలను బీ వైపు నేను పెట్టను. 3.3 వోల్టుల దగ్గర వాటి హద్దు 0.66, మిగిలే ఆ కాస్త తేడాను పొడవాటి కేబుల్ మీది రొదకు అప్పగించే ధైర్యం నాకు లేదు.

వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ ఆఫ్‌సెట్ అంటే నాకు ఎంతో ఇష్టం. బీ వైపు గీత అర వోల్టు దగ్గర ఆగితే మాట్లాడుతున్నది ప్రాసెసర్. ఇంకా కిందికి దిగితే సెన్సార్. ఎనిమిది బిట్ల తర్వాత సెన్సార్ ‘అందింది’ అని చెప్పే తొమ్మిదో క్లాక్ దగ్గర, అది తీగను వదిలాక గీత అర వోల్టు మెట్టు మీద ఒక్క క్షణం నిలిచి, అప్పుడు పైకి లేస్తుంది. కొత్త బోర్డు బల్ల మీదికి రాగానే నేను మొదట వెతికేది ఆ చిన్న మెట్టునే.