నంబరు సేవ్ చేసుకోండి: బ్రాడ్‌కాస్ట్ లిస్టుతో మూడేళ్లు పుస్తకాలు అమ్మాక

వాట్సాప్‌కి సమీక్ష రాస్తున్నానంటే మా ఆయన "రేపు ప్రెషర్ కుక్కర్‌కి కూడా రాస్తావా" అన్నారు. కుక్కర్ నా పుస్తకాలు అమ్మిపెడితే దానికీ రాస్తాను.

యాప్ అందరి దగ్గరా ఉంది, దాని గురించి చెప్పేదేం లేదు. నేను చెప్పేది అందులో బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ లిస్టుకున్న ఒకే ఒక్క షరతు గురించి. మనం 256 మంది దాకా ఒక లిస్టులో చేర్చుకుని ఒకేసారి మెసేజి పెట్టొచ్చు, కానీ మన నంబరు ఎవరి ఫోన్‌లో సేవ్ అయి ఉందో వాళ్లకే అది చేరుతుంది. మిగతావాళ్లకి మనం పంపినట్టు కూడా తెలియదు. మొదట ఈ సంగతి తెలిసినప్పుడు, ఇదేం లిస్టు, పెళ్లికి పిలవాలంటే ముందు వాళ్లే మనల్ని పిలవాలన్నట్టుంది అని తిట్టుకున్నాను. తర్వాత ఆ షరతు మీద నాకు ప్రేమ పుట్టింది. ఆ తర్వాత అదే నన్ను ఏడిపించింది కూడా.

మాది మదనపల్లె, పదిహేనేళ్లుగా బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఉంటున్నాం. 2022 ఆగస్టులో నా కథల పుస్తకం నేనే వేసుకున్నాను, 300 కాపీలు. అమెజాన్ వాళ్ల ఈ-బుక్ వేదిక కిండిల్ 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తీసుకుంది, తెలుగు ఆ ఐదింట్లో లేదు. పైగా నా పుస్తకం డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) అంతా అచ్చుకి వాడే పాతరకం అను ఫాంట్లలో జరిగింది, ఈ-బుక్‌కి కావలసిన యూనికోడ్ అక్షరాల్లోకి మారిస్తే సగం ఒత్తులు ఎగిరిపోయాయి. ఈ-బుక్ ఆలోచన అక్కడితో వదిలేశాను.

రచయితలకి ఆన్‌లైన్ ప్రచారం చేసిపెడతామని ఒక సంస్థ వాళ్లు ఫోన్ చేశారు. ప్యాకేజీ 14 వేలు, నెల రోజులు. వాళ్లు పంపిన పట్టికలో ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరుకి, కూడా ఒక విలువ కట్టి, అది మాకు ఫ్రీ అని రాశారు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని అందరికీ ఉచితంగానే ఇస్తుందని అప్పటికి నాకు తెలియదు. వాళ్లు చేసిన పోస్టరులో నా పుస్తకం పేరుకున్న ఒత్తులు విడిపోయి, విడాకులు తీసుకున్నట్టు పక్కన కూర్చున్నాయి. చెప్తే "మేడం, ఫీల్ అర్థమవుతుంది కదా" అన్నారు. వెయ్యి పైన లైకులొచ్చాయి, రెండు కాపీలు అమ్ముడుపోయాయి. అందులో ఒకటి మా ఆడపడుచు కొన్నది.

లిస్టు మొదలుపెట్టింది ఆ కోపంలోనే. మొదట 41 మంది. పుస్తకం కొన్న ప్రతివాళ్లకీ నేనే ఫోన్ చేసి, "నా నంబరు సేవ్ చేసుకోండి, నెలకి ఒక్కసారే మెసేజి పెడతాను, గుడ్ మార్నింగులు పెట్టను" అని చెప్పేదాన్ని. ఇలా అడగడం నాకు చాలా కష్టంగా ఉండేది. డబ్బులు అడగడం దీనికంటే నయం. కానీ ఆ షరతు వల్ల అడగక తప్పేది కాదు, అడిగినప్పుడల్లా ఐదు నిమిషాలు మాటలు నడిచేవి. మీది ఏ ఊరు, ఏం చదువుతారు, ఈ కథలో ఆవిడ మీ అమ్మేనా. పోస్టులకి డబ్బు కట్టి బూస్ట్ చేస్తే ఈ ఐదు నిమిషాలు రావు.

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున కొత్త కథలోంచి పది పన్నెండు లైన్లు పెడతాను. గ్రూపు కూడా పెట్టి చూశాను, మూడో రోజుకి అది పూలబొకేలతో, ఎవరిదో మనవరాలి డాన్సుతో నిండిపోయింది. 2023 సెప్టెంబరులో వాట్సాప్‌లో ఛానెళ్లు (ఎవరైనా చేరి మన పోస్టులు చూసేవి) వచ్చినప్పుడు అందరూ అటు పొమ్మన్నారు. అక్కడ ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది కానీ నా కథ లిస్టులో ఉన్న హోసూరు మాస్టారు చదివారో లేదో తెలియదు. బ్రాడ్‌కాస్ట్‌లో మెసేజి ఎవరెవరికి చేరిందో పేర్లు కనిపిస్తాయి, వాళ్ల జవాబు నాకొక్కదానికే వస్తుంది. పదిమందిలో అనలేని మాట అక్కడ అంటారు.

ఆ మాస్టారే (రిటైరయ్యారు, సొంతూరు ధర్మవరం వైపు) ఒకసారి ఇలా రాశారు: "అమ్మా, మీ కథలో శ్రావణమాసంలో వేరుశనక్కాయలు పీకించారు. వానకి వేసిన చేను అప్పటికింకా ఊడలు దిగుతుంటుంది. కాయ కావాలంటే దీపావళి దాకా ఆగాల." పత్రికలో రెండు సమీక్షలు వచ్చాయి, రెండూ ఈ తప్పు పట్టుకోలేదు. నేను రాయలసీమ దాన్నే అయ్యుండి రాసిన తప్పు అది. సిగ్గుతో రెండు రోజులు ఆయనకి జవాబు ఇవ్వలేదు.

ఏడాదిన్నరలో లిస్టు 238 మందికి పెరిగింది. కొన్నవాళ్లు, కొంటామన్నవాళ్లు కలిపి. నెలనెలా 200 మందికి పైగానే మెసేజి చేరేది. ఇచ్చినవీ అమ్మినవీ కలిపి 212 కాపీలు ఇంట్లోంచి వెళ్లాయి. ఇంత బాగుంటే ఇంకేం అనుకుంటూ ఉండగా ఉద్యోగం పోయింది.

2024 మార్చిలో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగిచ్చేయమన్నారు, వాటితోపాటు సిమ్ కూడా. ఆ సిమ్ కంపెనీ ఇచ్చింది. పదకొండేళ్లు వాడాను, అది నాది కాదన్న సంగతే మర్చిపోయాను. అదే నంబరు పుస్తకం లోపలి పేజీలో "ప్రతులకు" అని అచ్చువేయించాను. బుక్‌మార్కుల మీద కూడా అదే. నంబరు ఉంచుకుంటానని రెండు మెయిళ్లు పెట్టాను. పాలసీ ఒప్పుకోదని జవాబు వచ్చింది.

సిమ్ ఇచ్చే ముందు యాప్‌లో నంబరు మార్చే పద్ధతి ఉంటే అది చేశాను. అకౌంటు కొత్త నంబరుకి వచ్చింది, పాత కబుర్లన్నీ వచ్చాయి, లిస్టు కూడా చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఏప్రిల్ మొదటి ఆదివారం ఎప్పటిలాగే మెసేజి పెట్టి, ఉప్మా చేసుకుని వచ్చి చూస్తే ఎనిమిది మందికి చేరింది. ఇంకొంచెం సేపటికి తొమ్మిది. అమ్మ, తమ్ముడు, ఆడపడుచు, ఇద్దరు పాత కొలీగ్స్, మా పాలాయన, ఇంకో ముగ్గురు. లిస్టులో పేర్లన్నీ ఉన్నాయి. కానీ వాళ్ల ఫోన్లలో సేవ్ అయి ఉన్నది పాత నంబరు. షరతు షరతే కదా.

నంబరు మారిందని వాళ్ల చాట్‌లో చిన్న గీత కనిపిస్తుంది, నొక్కితే కొత్తది సేవ్ చేసుకోవచ్చు. అది ఎవరు చూస్తారు? పోనీ నేనే అందరికీ "నా నంబరు మారింది, ఇది సేవ్ చేసుకోండి" అని పెడదామంటే, ఆన్‌లైన్‌లో డబ్బులు కొట్టేసేవాళ్లు రాసేదీ అచ్చం ఆ వాక్యమే. కొత్త నంబరు నుంచి ఒకే మెసేజి వందలమందికి పోతే అకౌంటు మూతపడుతుందన్న భయం ఒకటి. అందుకని రోజుకి ఇరవైమంది చొప్పున, ఒక్కొక్కరికీ వేరేగా రాశాను. "మీ అమ్మాయికి కాన్పు అయిందా, నేను ఫలానా, కథల పుస్తకం ఆవిడ్ని" అని వాళ్లు ఎప్పుడో నాతో అన్న సంగతి ఒకటి గుర్తుచేసి మరీ రాశాను. ఉద్యోగం లేదు కాబట్టి కుదిరింది. అలా వెనక్కి వచ్చినవాళ్లు 131 మంది. మిగిలిన 88 కాపీల్లో పాత నంబరు మీద స్టిక్కర్లు అతికించాం, మా ఆయన చేతిరాతతో.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అక్టోబరులో, దసరా వెళ్లాక, హోసూరు మాస్టారి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. ఏప్రిల్‌లో నేను రాసినదాన్ని మోసం అనుకుని ఆరు నెలలు జవాబివ్వని మనిషి ఆయన. "అమ్మా, మీ ఫొటో ఉండాల్సిన చోట పూలదండ కనపడుతోంది. మనసు ఆగక ఈ నంబరుకి రాస్తున్నా. అంతా కుశలమే కదా?"

నాకు ముందు అర్థం కాలేదు. మూతపడ్డ నంబరు 90 రోజులయ్యే దాకా ఇంకొకరికి ఇవ్వరు, ఆ తర్వాత ఇవ్వొచ్చు. నా పాత నంబరు ఎవరికో ఇచ్చారు. ఆయన వాట్సాప్ పెట్టుకున్నాడు, ఆయుధపూజకి తన కారుకి బంతిపూల దండ వేసి ఆ ఫొటో పెట్టుకున్నాడు. పాత నంబరు సేవ్ చేసుకున్న వంద మంది ఫోన్లలో నా పేరు కింద ఆ దండ కనిపించింది. గుండ్రటి చిన్న ఫొటోలో కారు తెలియదు, దండే తెలుస్తుంది. ఆ వారంలో మా అత్తగారి ఊరు నుంచి కూడా ఒకరు ఫోన్ చేసి, నా గొంతు విని పెట్టేశారు.

నా నంబరుకి నేనే ఫోన్ చేశాను. బెంగళూరులోనే పీణ్యలో ఉంటాడు, కారు అద్దెకి తిప్పుతాడు. నేనెవరో చెప్పగానే "ఓ, నీవేనా మేడం! దినా పుస్తక కేళ్తారె" అని కన్నడలో మొదలుపెట్టాడు. రోజూ ఎవరో ఒకరు తెలుగులో పుస్తకం ఉందా అని అడుగుతున్నారట, ఆయనకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం అంతంతమాత్రం. ఇంత గొడవకి ఎంత విసుక్కున్నాడో అనుకుంటే, నా కొత్త నంబరు రాసుకుంటానన్నాడు. అప్పట్నుంచి అడిగినవాళ్లందరికీ అదే చెప్తున్నాడు. డిసెంబరు లోపల అలా పదిహేడు మంది నాకు ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో పంపిణీకి ఇచ్చిన ముప్పై కాపీల మీద, నూటికి నలభై కమీషన్ పోను, నాకు ఏడాదిలో వచ్చిన ఫోన్లు రెండు.

పీణ్య ఆయనకి ఒక కాపీ పంపించాను. కన్నడ చదవగలిగినవాళ్లు మన అక్షరాలు కూడబలుక్కుంటారు కదా, అట్ట మీద పేరు తప్పుల్లేకుండా చదివి వినిపించాడు. లోపలికి వెళ్లలేదు. ఆదివారం పొద్దున మాత్రం ఎవరూ చేయొద్దని చెప్పమన్నాడు, ఆ రోజు ఎయిర్‌పోర్టు ట్రిప్పులు ఎక్కువట.

ఇప్పుడు నా ప్రేమని కొంచెం తగ్గించుకుని కూడా చెప్పాలి. రెండో పుస్తకం 2024 నవంబరులో వేశాను, మళ్లీ 300. ఏడాదిలో 170 పోయాయి. కొన్నవాళ్ల పేర్లు రాసి చూసుకుంటే మూడింట రెండు వంతులు పాతవాళ్లే. ఈ లిస్టు ఉన్నవాళ్లని పట్టుకుని ఉంటుందే కానీ తెలియనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లదు. నేను ఇంతసేపు తిట్టిన ఆన్‌లైన్ ప్రచారమే ఒకసారి రీల్ రూపంలో ఆ పని చేసింది. ఎవరో కాలేజీ అమ్మాయి నన్ను అడక్కుండానే నా కథలో అరపేజీ చదివి రీల్ పెట్టింది, ఆ వారంలో 23 కాపీలు వెళ్లాయి. కాబట్టి ఆన్‌లైన్ ప్రచారం మీద నా కోపం డబ్బు తీసుకుని ఒత్తులు విరిచినవాళ్ల మీదే అనుకోండి.

ఇంకోటి, నంబరు సేవ్ చేసుకున్నంత మాత్రాన చదువుతున్నట్టు కాదు. మొహమాటానికి ఉంచుకున్నవాళ్లు నాకు తెలుసు, "చదివానండీ, బాగుంది" అంటారు, ఏ కథ అని నేనూ అడగను. పోస్టు ఖర్చు ఒకటి ఉండనే ఉంది. 2024 డిసెంబరులో, పుస్తకాలని చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ని తపాలా శాఖ ఆపేశాక, 150 రూపాయల పుస్తకానికి పంపే ఖర్చు చెప్పాలంటే నోరు రావడం లేదు. బెంగళూరులో ఉన్నవాళ్లయితే వ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి కార్యక్రమానికి వచ్చినప్పుడు చేతికే ఇచ్చేస్తున్నాను.

ఇది మీకు పనికొస్తుందా అంటే, నాలాగా మూడొందల కాపీల లెక్కలో ఉండి, ఫోన్‌లో మాట్లాడే ఓపిక ఉంటే రావచ్చు. నాకు కుదరడానికి సగం కారణం ఆరు నెలలు ఇంట్లో ఉండటం. ఇప్పుడు మళ్లీ ఉద్యోగంలో చేరాను, కొత్తగా కొన్నవాళ్లకి ఫోన్ చేయడం మూడు వారాలు వెనకబడి ఉంది. వేల కాపీలు అమ్మాలనుకునే నవలాకారులకి ఇది చాలదు. ఏం చేసినా సిమ్ మాత్రం మీ పేరు మీదే ఉందో లేదో చూసుకుని అప్పుడు అచ్చుకి ఇవ్వండి. నా రెండో పుస్తకంలో "ప్రతులకు" దగ్గర మా ఆయన నంబరు కూడా వేయించాను, ఆయనకి చెప్పకుండా.

ఈ నెల మెసేజి 193 మందికి పెట్టాను, 171 మందికి చేరింది. మిగతా 22 మందిలో ఎవరో ఆదివారం పొద్దున్నే పాత నంబరుకి ఫోన్ చేశారట. పీణ్య ఆయన ఎయిర్‌పోర్టు దారిలో కారు పక్కకి ఆపి నాకు చెప్పాడు.