యివులో నాలుగు రోజులు

బెజవాడలో మాది ఫ్యాన్సీ షాపు. కొట్లో క్లిప్పులూ రబ్బరు బ్యాండ్లూ చాలావరకు చైనావే, అవి ఎక్కణ్ణుంచి వస్తాయో ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఉండేది, ఈసారి మా ఆయనా నేనూ చైనాలో పెద్ద టోకు మార్కెట్ ఉన్న యివు ఊరికి బయలుదేరాం. షాంఘై హాంగ్‌చావ్ స్టేషన్‌లో హైస్పీడ్ రైలెక్కితే యివుకు అటూఇటూగా గంటన్నర. రైలుకు వంక పెట్టడానికేం లేదు.

బస దగ్గరే దెబ్బ తిన్నాం. బుక్ చేసుకున్న హోటల్‌వాళ్లు పాస్‌పోర్టు చూసి విదేశీయులకు గది ఇవ్వమన్నారు, రాత్రి పదింటికి సామానుతో రోడ్డు మీద నిలబడితే ఏడుపొచ్చింది. ఆ తర్వాత మార్కెట్ పక్కనే దొరికిన చిన్న హోటలే నయం, గది ఇరుకైనా శుభ్రంగా ఉంది, పొద్దున్నే నడిచి వెళ్లొచ్చు. మీరు మాత్రం ముందే అడిగి బుక్ చేసుకోండి. అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌లో మన కార్డు పెట్టుకుంటే డబ్బు కట్టడానికి టెన్షన్ లేదు. ఇండియన్ హోటళ్లున్నాయి కాబట్టి తిండికీ లోటు లేదు.

ఇక మార్కెట్. 75 వేల కొట్లు! ఒక్కో కొట్టు ముందు మూడు నిమిషాలు నిలబడి, రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే దాదాపు 469 రోజులు పడుతుంది, నేనే లెక్కేశాను. మార్కెట్‌లో ఒక్కో భాగాన్ని డిస్ట్రిక్ట్ అంటారు, మేం చూసింది మొదటి డిస్ట్రిక్ట్‌లో రెండంతస్తులే. ఒకప్పుడు ఈ ఊరివాళ్లు కావడి భుజాన వేసుకుని పల్లెల్లో బెల్లం మిఠాయి ఇచ్చి పొలం ఎరువుకు కోడి ఈకలు తీసుకునేవారట. మన వీధుల్లో వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు గుర్తొచ్చారు. 1982లో ప్రభుత్వం బజారు పెట్టుకోనిచ్చింది, 2014 కల్లా ఇక్కణ్ణుంచి మాడ్రిడ్‌కి గూడ్సు రైలు వెళ్లింది.

బొమ్మలు కొనలేదు. మన దగ్గర వాటి మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది, పైగా ఐఎస్ఐ మార్కు ఉండాలి. మన బొమ్మలు నిలబడాలంటే సుంకం ఒక్కటే చాలదనిపించింది నాకు. మన కొండపల్లి వాళ్ల చేతిలో పనితనానికేం తక్కువ? రంగు, అట్టపెట్టె, లారీ, విదేశీ బేరగాడు, ఇవన్నీ వాళ్ల గుమ్మం దగ్గర దొరకవు, ఇక్కడ దొరుకుతాయి.

క్లిప్పుల కొట్టు మన బడ్డీకొట్టుకు రెండింతలుంటుందేమో. బల్ల కింద పిల్లాడు హోంవర్క్ రాసుకుంటున్నాడు. కొట్టు నడిపే ఆవిడ కాలిక్యులేటర్ నొక్కి చూపించిన అంకె ఒక క్లిప్పు ధర అనుకున్నా, డజనుదట. ఎన్ని కార్టన్లు కావాలని అడిగి, మీ షాపు పేరు మీ భాషలో రాసివ్వండి, అట్ట మీద వేయిస్తానని ఫోన్‌లో అనువాదం పెట్టి వినిపించింది. కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను. మూడో రోజు సాయంత్రానికి నమూనా అట్ట హోటల్‌కి వచ్చేసింది, ఒక్క ఒత్తు కూడా తప్పు పోలేదు.