ఎటాక్సియా జీన్ టెస్టులు: ఎగ్జోమ్ కన్నా ముందు రిపీట్ పానెల్

నడక తూలడం, మాట ముద్దగా రావడం (ఇదే ఎటాక్సియా) ఇంట్లో రెండు మూడు తరాలుగా కనిపిస్తుంటే చాలామంది నేరుగా ఎగ్జోమ్ టెస్టుకే, అంటే జీన్లలో ప్రొటీన్ తయారీకి పనికొచ్చే భాగాలను చదివే టెస్టుకే వెళ్తారు. వేల జీన్లు ఒకేసారి చదువుతుంది కదా, ఏదో ఒకటి తేలకపోదని ఆశ. ఈ పనికి మాత్రం మా ఓటు రిపీట్ పానెల్‌కే: కొన్ని ఎంచిన జీన్లలో పదే పదే వచ్చే అక్షరాల ముక్కలను లెక్కపెట్టే టెస్టుకి.

ఎస్‌సీఏ (స్పైనోసెరెబెల్లార్ ఎటాక్సియా, వంశపారంపర్యంగా వచ్చే తూలుడు జబ్బులు) 1, 2, 3, 6, 7, 12, హంటింగ్టన్ జబ్బుల్లో సీఏజీ అనే మూడక్షరాల ముక్క ఉండాల్సినదానికన్నా ఎక్కువసార్లు వస్తుంది. ఎగ్జోమ్ డీఎన్‌ఏని దాదాపు 150 అక్షరాల తునకలుగా చదువుతుంది. తునకంతా సీఏజీలే అయితే మొత్తం ఎన్నో ఎలా లెక్కపెడుతుంది? ఫ్రీడ్రిక్స్ ఎటాక్సియాలో పెరిగే జీఏఏ రిపీట్ ఇంట్రాన్‌లో, అంటే జీన్‌లో ప్రొటీన్‌కి పనికిరాని మధ్య భాగంలో ఉంటుంది, ఎగ్జోమ్ ఆ చోటు చదవనే చదవదు. అందుకే ఎగ్జోమ్ 'నెగెటివ్' వచ్చిందని జబ్బు వంశపారంపర్యం కాదనుకోకూడదు.

పానెల్‌కి 2–3 మి.లీ. రక్తం చాలు, ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో. ఆకుపచ్చ మూత ట్యూబులోని హెపారిన్ పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. శాంపిల్‌ని ఫ్రీజ్ చేయకూడదు.

రిపోర్టులో జీన్ రెండు ప్రతుల (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) రిపీట్ల సంఖ్య ఉండాలి. ఉత్త 'నార్మల్' అని రాసిస్తే తిప్పి పంపండి. ఒక జీన్ కొలత ఇంకోదానికి పనికిరాదు. హంటింగ్టన్‌లో 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జబ్బు ఖాయం, 36–39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 27–35 ఉన్నవాళ్ళకి జబ్బు రాదు గానీ పిల్లల్లో ఆ సంఖ్య పెరగవచ్చు. అదే ఎస్‌సీఏ 6లో 20 రిపీట్లకే జబ్బు.

పానెల్ తప్పటడుగు వేసేది, ఒక్కో ప్రతి పొడవుని చూపే గ్రాఫులో ఒకే పీక్ (శిఖరం) కనిపించినప్పుడు. రెండు ప్రతులూ ఒకే పొడవు కావచ్చు, లేదా బాగా పెరిగిన ప్రతి మామూలు పీసీఆర్‌కి చిక్కకపోయి ఉండవచ్చు. బాగా పొడవైన రిపీట్లనూ పట్టుకునే టీపీ-పీసీఆర్ చేశారా అని అడగాల్సింది ఇక్కడే. పానెల్‌లో ఏయే రకాలున్నాయో డబ్బు కట్టకముందే చూసుకోండి. మన దేశంలో ఎస్‌సీఏ 2 ఎక్కువ, ఉత్తరాది అగర్వాల్ కుటుంబాల్లో ఎస్‌సీఏ 12. నడివయసు దాటాక మొదలై, వస్తూ పోతూ ఉండే తూలుడైతే 2023లో బయటపడ్డ ఎస్‌సీఏ 27బీ కూడా ఉండాలి.

ఎగ్జోమ్ దండగేమీ కాదు. మేనరికంలో తల్లిదండ్రులు బాగుండి అన్నదమ్ములకో అక్కచెల్లెళ్ళకో జబ్బు వస్తే అది పనికొస్తుంది, ఫ్రీడ్రిక్స్ టెస్టు అయ్యాక. దానికీ ముందు రక్తంలో విటమిన్ ఇ, సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్) చూపించండి. విటమిన్ ఇ లోపం, విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకోవడం) మందులకు లొంగేవి.

మొదటి శాంపిల్ జబ్బున్న మనిషిదే. అక్కడ రిపీట్ దొరికాక, లక్షణాల్లేని పెద్దవాళ్ళకి కౌన్సెలింగ్ తర్వాత, వాళ్ళు కోరితేనే. పద్దెనిమిదేళ్ళు నిండని, లక్షణాల్లేని పిల్లల శాంపిల్‌ని అడగగానే తీసుకునే ల్యాబ్‌కి మార్కులు సున్నా.